పల్నాటి సంపద – ప్రభుత్వనీతి

ఒక దేశము సంపన్నమగుటకు దాని నేల కారణమా, జనుల కష్టము కారణమా, ప్రభుత్వము నడపు నీతి కారణమా యను ప్రశ్న పండితుల వాదములకు మాత్రమే తగినదని పెక్కుమంది తలంతురు. మేమట్లు తలంపము. ఇంటి లెక్క వ్రాసికొను ప్రతి గృహస్థునకును, ప్రతి ఇల్లాలికిని ఆ ప్రశ్నతో పని యున్నది. పన్ను రూపమున ఇంటినుండి పోవునది యెంత, కాలువగానో బాటగానో బడిగానో తిరిగి వచ్చునది యెంత యని యెఱిగినవారే ప్రభుత్వనీతిని తూచగలరు. అట్టి తూకమునకు పల్నాటి చరిత్రము మిక్కిలి అనువైనది. అచ్చట నేల యొకటే, నది యొకటే. జనులును ఇంచుమించుగా ఆ తరములవారి సంతతియే. మాఱినవి ప్రభుత్వములు, వాని పద్ధతులు. వానితోపాటు జనుల బ్రతుకును మాఱినది. ఈ వ్యాసమున ఆ మార్పులను వరుసగా పరిశీలింతము.

మాచవరము కృష్ణకు దక్షిణమున, గురజాలకు తూర్పుగా నున్న మండలకేంద్రము. 2022 ఏప్రిల్ 4వ తేదివఱకు అది గుంటూరు జిల్లాలోనిది. ఆనాటినుండి నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిది. ఈ ప్రాంతమున నేలక్రింద సున్నపురాయి విస్తారముగా నున్నది, ప్రక్కను మహానది యున్నది. అయినను బహుకాలము ఈ సీమ బీదసీమయని పేరు వడసెను. శ్రీనాథుని పేర చెప్పబడు చాటువులు పల్నాటి రాళ్లను, జొన్నకూటిని పరిహసించినవి. కాని రాళ్లయందు దోషము లేదని తరువాతి కాలము ఋజువు చేసినది. ఆ రాళ్లలో వజ్రములు దొరకినవి. ఆ రాళ్లే సిమెంటైనవి. వజ్రముల కాలమునందు ప్రజలకు కలుగని మేలు సున్నపురాతి కాలమునందు కొంతయైనను ఏల కలిగెనో విచారించిననే ప్రభుత్వనీతి యొక్క బలాబలములు మనకు తెలియును.

మొదట వజ్రముల సంగతి చూతము. మాచవరమునకు ఈశాన్యమున, కృష్ణ దక్షిణపుటొడ్డున కొల్లూరను గ్రామముండెను. పదునేడవ శతాబ్దిలో దానిని చూచిన టావెర్నియరను ఫ్రెంచివర్తకుడు అచ్చటి గనులలో పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి సుమారు 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. గనులు గోలకొండ సుల్తానులవి. వారు వానిని గుత్తకిచ్చి ధనము పుచ్చుకొనుచుండిరి. నిర్ణీతమైన బరువునకు మించిన రాళ్లు ప్రభువునకే చెందునని కట్టడి చేసిరి. త్రవ్వినవారికి చిక్కినది అల్పమైన కూలి. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను; దర్బారు మాఱెను గాని కూలివాని స్థితి మాఱలేదు. కోహినూరు ఈ గనులలోనిదేయని పెక్కురు నమ్ముదురు. జగత్ప్రసిద్ధమైన రత్నములు పుట్టిన సీమ జొన్నకూటి సీమగానే మిగిలినది. సంపద పుట్టుట యొకటి, పుట్టినచోట నిలుచుట మఱియొకటి. పుట్టించునది నేలయు కష్టమును, నిలుపునది ప్రభుత్వనీతి. ఈ భేదమును చదువరులు మనస్సున నుంచుకొందురుగాక.

తరువాత ఆంగ్లేయుల వర్తకసంఘము, అనగా కంపెనీ, వచ్చెను. 1788లో గుంటూరు సర్కారును, 1801లో కర్ణాటక నవాబునుండి పల్నాటిని కంపెనీ తన పాలనలోనికి తెచ్చుకొనెను. కంపెనీ పాలనకు శిస్తు ప్రాణము. పంట పండినను ఎండినను, రాబడి తగ్గకుండుటయే అధికారుల సామర్థ్యముగా నెంచబడుచుండెను. చెఱువుల మరమ్మతునకు, నీటి వసతికి ఖజానానుండి పోవు సొమ్ము మిక్కిలి స్వల్పము. ఇట్టి నీతికి ఫలము 1832–33లో కనబడెను. ఆ యేడు నందన సంవత్సరమగుటచే దానిని జనులు నందన కరవనిరి. గుంటూరు ప్రాంతమున నుండిన సుమారు అయిదు లక్షల జనులలో ఒకటిన్నర లక్ష మొదలు రెండు లక్షలదాక నశించిరని అంచనాలు చెప్పుచున్నవి. ధాన్యవ్యాపారమున జోక్యము చేసికొనరాదను సిద్ధాంతమును అప్పటి పాలకులు విడువరైరి. దున్నువారు చచ్చిన పిమ్మట శిస్తు చెల్లించువారెవ్వరు? పెక్కేండ్లు ప్రభుత్వపు రాబడియే క్షీణించెను. రైతును కాపాడని ప్రభుత్వము తన ఖజానాను కూడ కాపాడుకొనజాలదని ఆ కరవు ఋజువు చేసెను.

ఆ రోజులలో దోషమంతయు సీమదొరలదే యనుకొనుట సత్యము కాదు. అమరావతి శిల్పములను త్రవ్వించిన సర్ వాల్టర్ ఎలియటు దొర 1840ల నడుమ గుంటూరు వ్యవహారములను విచారించెను. రైతు చెల్లించిన సొమ్ములో గొప్పభాగము ఖజానాకు చేరకయే జమీందారుల నౌకరులు, కచ్చేరీ ఉద్యోగులు, వారి బంధువులు పంచుకొనుచున్నట్లు ఆయన విచారణలో తేలెను. వారు మనవారే. లెక్కలు పై దొరకు తెలియని భాషలో, క్రింది రైతు చదువలేని వ్రాతలో నుండెను. నడుమనున్నవాడు ఆ రెండు చీకట్లలో బ్రతికెను. చదువులేమి కూడ ఒక పన్నే యనియు, దానిని బీదవాడే చెల్లించుననియు ఈ వృత్తాంతమువలన తేటపడుచున్నది. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణాజిల్లాలో కలిపివేసిరి. మరల 1904లో వేఱుపఱచిరి. పటములోని గీతలు మాఱినంతమాత్రమున పాలన బాగుపడదుగదా.

కరవు నేర్పిన పాఠమును ప్రభుత్వము కొంత గ్రహించెను. విజయవాడకడ 1855 నాటికి కృష్ణానదికి ఆనకట్ట పూర్తియయ్యెను. డెల్టాభూములు మాగాణులయ్యెను, అచ్చట వరియు, వరివెంట చదువును, చదువువెంట పత్రికలును, సంఘములును పెరిగినవి. కాని పల్నాడు ఆనకట్టకు ఎగువనున్న మెట్టసీమ. నది దాని ప్రక్కనే లోతైన గట్లమధ్య ప్రవహించుచుండగా, ఊళ్లలో మేఘమువైపు చూచి జొన్న చల్లుచుండిరి. ఒకే జిల్లాలో ఒక భాగము సంపన్నమై, ఒక భాగము వెనుకబడుటకు జనుల సోమరితనము కారణమని చెప్పువారు కొందఱుండిరి. ఖజానా పెట్టుబడి ఒక చోటికి పోయి, మఱియొక చోటికి పోకపోవుటయే ముఖ్యకారణమని మా అభిప్రాయము.

పెట్టుబడి రాలేదు సరికదా, క్రొత్త పన్ను వచ్చినది. మెట్టసీమలో పశువులే రైతు ధనము. అడవిలోని గడ్డియే పశువుల గ్రాసము. 1882 నాటి చెన్నపట్టణపు అటవీచట్టముతో అడవులు సర్కారు రక్షణలోనికి పోయెను. పశువులను మేపుటకు పుల్లరి చెల్లింపవలసి వచ్చెను. గడ్డిని పెంచినది సర్కారు కాదు. ఆ పుల్లరికి బదులుగా రైతు పొందినదియు లేదు. 1921–22లో పల్నాటి గ్రామములు ఆ పన్నును నిరాకరించెను. గుంటూరు శారదానికేతనమును స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు పల్నాటి రైతుల పక్షమున నిలిచి చెరసాలకు పోయిరి. మించాలపాడు గ్రామనాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఈ కథను వీరగాథగా చెప్పుకొనుట మనకు అలవాటు, అది తగియున్నది. అర్థశాస్త్రపు పాఠముగా కూడ దానిని చదువవలెనని మేము కోరుచున్నాము. ఇచ్చునది లేక పుచ్చుకొనుటయే పనిగా గల ప్రభుత్వముపై ప్రజలకు నమ్మకము చచ్చును; నమ్మకము చచ్చినచోట ఎవడును పెట్టుబడి పెట్టడు, చెట్టు నాటడు, బావి త్రవ్వడు.

స్వతంత్రభారతమున ఈ తూకము మొదటిసారి రెండవవైపునకు మొగ్గినది. 1951లో చెన్నరాష్ట్రప్రభుత్వము కృష్ణానీటిని పెన్నారుకు, దానికి దక్షిణమునకు తరలించు పథకము నొకదానిని ముందుకు తెచ్చెను. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు మొదలగువారు నందికొండకడ ఆనకట్ట కావలెనని పట్టుబట్టిరి. 1952లో ఏర్పడిన ఖోస్లా సంఘము ఆ స్థలమును సమర్థించెను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. అప్పటికి ఆంధ్రము, హైదరాబాదు వేఱ్వేఱు రాష్ట్రములు. అయినను రెండు ప్రభుత్వములు కలిసి ఒక నదికి ఒక కట్టను తలపెట్టినవి. యంత్రములు కొఱతగాను, పనిచేయు చేతులు సమృద్ధిగాను ఉన్న దేశమగుటచే కట్టను రాతితో కట్టుటకు నిశ్చయించిరి. వేలకొలది కూలీలకు ఏండ్లతరబడి పని దొరకెను. 1967 ఆగష్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ క్రింద పదునొకండు లక్షల ఎకరములకు పైగా ఆయకట్టు ఏర్పడినది.

ఆ నీటితో పల్నాటి రూపమే మాఱినది. కాలువ చేరినచోట జొన్నచేలు వరిమళ్లయ్యెను. ప్రత్తియు, మిరపయు విరివిగా సాగయ్యెను. గుంటూరు మిరపయార్డు పేరు దేశాంతరములకు ప్రాకెను. ఇందు రైతు కష్టము క్రొత్తది కాదు, నేల క్రొత్తది కాదు. క్రొత్తది ఏమనగా, పండ్రెండేండ్లపాటు ఫలము చేతికి రాకున్నను ప్రభుత్వము ధనమును కట్టలోను కాలువలోను పెట్టుచుండుటయే. ఏ వర్తకుడును అంతకాలము కాచుకొనలేడు. ఏ రైతును ఒంటిగా నదిని మళ్లింపలేడు. ప్రభుత్వమునకు మాత్రమే సాధ్యమగు పనిని ప్రభుత్వము చేసినపుడు దేశము పెరుగును. అయితే కాలువ మొదటనున్న పొలము తడిసినంతగా చివరనున్న పొలము తడియదు. 1997లో నీటి వినియోగదారుల సంఘములకు కాలువల నిర్వహణమున అధికారమిచ్చు చట్టము వచ్చినది ఈ లోపమును దిద్దుటకే. చట్టము పుస్తకములో నున్నంత బలముగా గట్టుమీద నిలుచుట రైతుల ఐకమత్యముపై ఆధారపడియున్నది.

ప్రభుత్వము చేయవలసిన పని యిట్లుండగా, ప్రభుత్వము విడువవలసిన పనియు ఒకటి కలదు. దానికి నిదర్శనము సిమెంటు. మాచెర్లలో 1958లో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము నెలకొన్నది. సున్నపురాయి సమృద్ధిగా నుండగా, అటువంటివి పది వెంటనే ఏల లేవలేదు? ఏలయనగా ఆ కాలమున సిమెంటు ధరను సర్కారే నిర్ణయించుచుండెను; కర్మాగారము పెట్టుటకు లైసెన్సు కావలెను; ఇల్లు కట్టుకొనువాడు బస్తాల కొఱకు పర్మిట్టు పట్టుకొని తిరుగవలెను. ధర తక్కువగా కట్టడి చేయబడుటచే క్రొత్తవారు రాలేదు; సరకు కొఱతపడుటచే దొంగబజారు పెరిగెను. బీదవానికి చౌకగా దొరకవలెనను సదుద్దేశముతో పెట్టిన కట్టడి బీదవానికే సరకు దొరకకుండ చేసినది. 1982 ఫిబ్రవరిలో ఆ కట్టడిని కొంత సడలించిరి. 1989 మార్చి 1న పూర్తిగా తొలగించిరి. 1991లో లైసెన్సు నియమమును ఎత్తివేసిరి. ఆ పిమ్మట కృష్ణకు ఇరుప్రక్కల కర్మాగారములు లేచినవి. పిడుగురాళ్లలో సున్నపుబట్టీలు లెక్కకు మిక్కిలియైనవి. నేడు సిమెంటు ఉత్పత్తిలో భారతదేశము చైనా తరువాత రెండవస్థానమున నున్నది.

సిమెంటు కంట్రోలు తొలగిన ఆ 1989వ సంవత్సరముననే ఐరోపాలో పోలండు దేశమున కమ్యూనిస్టు పాలన తొలగెను. మనకు సిమెంటు విషయమున జరిగినది వారికి సమస్త వస్తువుల విషయమునను జరిగియుండెను: ధరలు సర్కారువి, అంగళ్లు శూన్యము, జనులు వరుసలలో. 1990 జనవరి 1నుండి ఆర్థికమంత్రి బాల్సెరోవిచ్ చాలవఱకు ధరలను విడిచిపెట్టి, నష్టపు సంస్థలకిచ్చు ధనమును తగ్గించెను. మొదటి రెండేండ్లు కఠినముగా గడచెను, 1990లో ధరల సగటు గతసంవత్సరముకంటె ఆరురెట్లకు మించెను, ఉత్పత్తి తగ్గెను, పనిలేనివారు పెరిగిరి. 1992నుండి దేశము మరల పెరుగసాగి, 1996 ప్రాంతమున 1989 నాటి స్థాయిని దాటెను. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరెను. ధరలు విడుచుటచేతనే ఇంతయు జరిగెనని కొందఱందురు. మేము మఱి రెండు కారణములను చూచుచున్నాము. కమ్యూనిస్టు కాలమందును అచ్చటి భూమిలో అధికభాగము చిన్నరైతుల చేతిలోనే నిలిచియుండెను. 1990 మార్చిలో చట్టముచేసి, మే నెలలో ఎన్నికలు జరిపి, గ్రామపట్టణ స్థానికసంఘములకు ఆస్తిని, రాబడిని, అధికారమును అప్పగించిరి. పుట్టిన సంపదలో కొంత పుట్టినచోట నిలుచు మార్గము ఏర్పడెను.

వారి కథలో చీకటికోణమును దాచరాదు. సర్కారు వ్యవసాయక్షేత్రములు మూతపడగా, వానిలో పనిచేసిన కూలీల కుటుంబములు ఉత్తర, పశ్చిమ పోలండులలో ఏండ్లతరబడి దారిద్ర్యమనుభవించినవి. కట్టడి తొలగించుటతో ప్రభుత్వపు పని ముగియదు. పడిపోవువారిని పట్టుకొను చేయి కూడ దానిదే. మనదేశమునను స్వేచ్ఛకు కావలి అవసరమైనది. సిమెంటు ధరలను తమలో తాము కుదుర్చుకొనిరని 2012లో పోటీ కమిషను పదునొకండు సంస్థలపై ఆరువేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. ఆ వ్యవహారము న్యాయస్థానములలో బహుకాలము నడచినది. సర్కారు ధర కట్టుట యెంత హానియో, పదిమంది పెద్దలు గదిలో కూర్చుండి ధర కట్టుట అంత హాని.

ఇక మాచవరపు వాకిటికి వత్తము. డెల్టా ఆయకట్టును స్థిరపఱచుటకై కృష్ణపై పులిచింతల ప్రాజెక్టు కట్టబడి 2013 డిసెంబరులో ప్రారంభమైనది, 45.77 టి.ఎం.సి.ల నీరు అందు నిలుచును. ఆ నీటి క్రింద మాచవరము, బెల్లంకొండ, అచ్చంపేట మండలముల ఊళ్లు కొన్ని మునిగినవి. వజ్రముల కొల్లూరును మునిగినది. దిగువనున్న రైతునకు ఇది మేలు. ఆ మేలు మాకును సంతోషకరమే. కాని నీరు నిలుచునది ఇచ్చట, పారునది అచ్చట. మునిగిన ఊరివానికి నష్టపరిహారము ఒకసారి దొరకును. మాగాణికి నీరు ఏటేట దొరకును. ఈ రెంటికిని గల అంతరమును లెక్కలో వేయని నీతి, దేశపు సగటు రాబడిని పెంచినను, న్యాయమైన నీతి యనిపించుకొనదు. ప్రాజెక్టు వలదని మేము చెప్పుటలేదు. ఇల్లు విడిచినవానికి నీటిలోను, విద్యలోను, జీవనములోను ఏటేట ఒక పాలు ఉండవలెనని చెప్పుచున్నాము.

ఖనిజముల విషయమున ఇట్టి పాలు చట్టమున నిప్పటికే కలదు. 2015లో గనుల చట్టమును సవరించి ప్రతి గనిజిల్లాలోను ఖనిజ ఫౌండేషనును ఏర్పఱచిరి. పాత లీజులవారు తాము చెల్లించు రాయల్టీపై నూటికి ముప్పది వంతులు, వేలమున పొందిన క్రొత్త లీజులవారు పదివంతులు అదనముగా దానికి చెల్లింపవలెను. త్రాగునీరు, ఆరోగ్యము, విద్య మొదలగువానికి, గనులచే బాధపడు ఊళ్ల మేలుకొఱకు ఆ సొమ్ము వినియోగపడవలెను. కొల్లూరు కూలివాడు కలలోనైనను ఎఱుగని హక్కు ఇది. కాని హక్కు తనంతట నడచిరాదు. 73వ రాజ్యాంగ సవరణచే 1993నుండి గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కలిగినది. 2005నుండి ప్రభుత్వపు లెక్కలను అడుగుటకు సమాచారహక్కు చట్టమున్నది. ఎలియటు దొర కనుగొన్న చీకటి ఈ రెండు దీపములున్నను తొలగకున్నచో, దోషము దీపములది కాదు, వత్తి ఎగద్రోయనివారిది.

కావున మా విన్నపమిది. ఏ ప్రభుత్వము ఏ పథకము ప్రకటించినను, దానిని పొగడుటకు ముందును తెగడుటకు ముందును మూడు ప్రశ్నలడుగుడు: జనులనుండి ఎంత తీసికొనుచున్నది? మునుముందు ఎంత తీసికొనునో, ఏమి ఇచ్చునో నిలుకడగా చెప్పుచున్నదా? పుట్టిన సంపదలో ఎంతపాలు పుట్టినచోట నిలుపుచున్నది? కొల్లూరు గనులు, నందన కరవు, పుల్లరి – ఇవి యీ ప్రశ్నలకు తప్పు సమాధానములు. సాగరపు కాలువ చాలవఱకు సరియైన సమాధానము. సిమెంటు కంట్రోలు తొలగింపు సగము సరియైన సమాధానము; మిగిలిన సగము గ్రామసభలో వ్రాయవలసియున్నది. ఆ సభకు పురుషులు మాత్రమే పోయి, స్త్రీలు వాకిట నిలుచు ఆచారము ఇంకను పలుచోట్ల కలదు. ఇంటిలో ఉప్పునకు, పప్పునకు పైసాతో లెక్క చూచు ఇల్లాలు ఊరిఖర్చునకు లెక్క అడుగజాలదా? ఆమె పద్దుల పుస్తకము చేతబట్టి సభకు వచ్చిననాడు, పల్నాటి రాతినుండి పుట్టు ధనము పల్నాటి బడిలోను, ఆసుపత్రిలోను, కాలువచివరి పొలములోను కనబడగలదని మా దృఢవిశ్వాసము.